ఇంజిన్ దించకుండా హెడ్డు తీయడం: పాత మోటార్‌సైకిల్ ఛాసిస్‌లో మార్పులు

పాత మోటార్‌సైకిల్ రిపేరులో ఎక్కువ సమయం తినేది పాడైన భాగాన్ని బాగుచేయడం కాదు, దాని దాకా చేయి పోవడం. హెడ్డు గాస్కెట్ పెద్ద ఖరీదైన వస్తువేమీ కాదు, మార్చడమూ కష్టం కాదు. కానీ హెడ్డుకు సరిగ్గా పైన ఛాసిస్ పైపు అడ్డం ఉంటే ముందు ఇంజిన్ మొత్తం దించాలి. పెట్రోలు ట్యాంకు, సైలెన్సరు, కార్బొరేటరు, చెయిను, క్లచ్ కేబులు, వైర్లు అన్నీ విప్పాలి. పని అయ్యాక అన్నీ వరసగా ఎక్కించాలి. చిన్న గాస్కెట్ కోసం ఇంత తతంగం ఎందుకని కొందరు యజమానులూ మెకానిక్కులూ అడ్డున్న పైపు ముక్కను కోసి, కావాలన్నప్పుడు బోల్టులు విప్పి పక్కన పెట్టేలా మారుస్తుంటారు.

హనుమాన్ జంక్షన్ లాంటి ఊళ్ళో ఇది కాలక్షేపం ప్రశ్న కాదు. 16వ నంబరు జాతీయ రహదారికి ఒక వైపు నూజివీడు రోడ్డు, ఇంకో వైపు గుడివాడ రోడ్డు వచ్చి కలిసే కూడలి అది. మామిడి కోతల కాలంలో, అంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా, తోటకూ రోడ్డుకూ మధ్య తిరిగే బండి షెడ్డులో విప్పి పడి ఉంటే ఎవరికైనా చేతులు విరిగినట్టే. పాత బండిని ముచ్చట కోసం కాక పని కోసం ఉంచుకున్నవాళ్ళకు రిపేరు ఎంత తొందరగా అవుతుందన్నదే లెక్క.

ఏ బండికి ఏది అడ్డం

ఇంజిన్ అందుబాటు రెండు సంగతుల మీద ఆధారపడుతుంది: సిలిండరు ఏ దిశలో ఉంది, దాని చుట్టూ పైపులు ఎలా పోతున్నాయి. హీరో హోండా సీడీ 100, స్ప్లెండర్ బళ్ళలో 97.2 సీసీ ఇంజిన్ సిలిండరు దాదాపు పడుకుని ఉంటుంది. దాని హెడ్డు ముందుకు వస్తుంది, పైకి లేవక్కర్లేదు. పెట్రోలు ట్యాంకు కింది పైపుతో దానికి పేచీయే లేదు. నిలువు సిలిండరు ఉన్న పాత బళ్ళతోనే ఇబ్బంది. వాటిలోనూ టూ స్ట్రోక్ బళ్ళది తేలిక వ్యవహారం. మైసూరులో ఐడియల్ జావా తయారుచేసిన జావా, యెజ్దీ బళ్ళకు గానీ, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్‌లకు గానీ హెడ్డులో వాల్వులు, రాకర్లు, క్యామ్ షాఫ్టు ఉండవు. హెడ్డు అంటే రెక్కలున్న ఒక మూత, అంతే. ట్యాంకు తీస్తే హెడ్డూ, దాని వెనకే సిలిండరూ చేతికి వచ్చేస్తాయి.

ఇక బులెట్. మన వైపు పాత మోటార్‌సైకిల్ అనగానే తలపుకొచ్చేది ఇదే కాబట్టి దీన్ని కాస్త నిదానంగా చూడాలి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ మొదలైంది. తొలి రోజుల్లో ఇంగ్లండులోని రెడిచ్ నుంచి వచ్చిన భాగాలను తిరువొత్తియూరు కర్మాగారంలో బిగించేవారు. తర్వాత క్రమంగా అన్ని భాగాలూ ఇక్కడే తయారయ్యాయి. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ: ఈ పోత ఇనుము సిలిండరు ఇంజిన్ పెద్దగా రూపం మారకుండా దాదాపు అర్ధ శతాబ్దం నడిచింది. ఒక్క మనిషి, కొద్దిపాటి పానాలు, చెట్టు నీడ ఉంటే రిపేరు కావాలన్న కాలంలో గీసిన డిజైను ఇది. ఆ ఆలోచన ప్రతి మూలలోనూ కనిపిస్తుంది.

టాపెట్ సెట్టింగే తీసుకుంటే, చాలా ఇంజిన్లలో రాకర్ పక్కన, అంటే హెడ్డు మీద చేస్తారు. పాత బులెట్‌లో పుష్‌రాడ్ల కింది చివర ఉంది ఆ సెట్టింగు. ఇంజిన్ కుడి పక్కన చిన్న మూత తీస్తే రెండు పుష్‌రాడ్లూ కనిపిస్తాయి. ట్యాంకు జోలికే పోనక్కర్లేదు. పిస్టన్ పైకొచ్చి రెండు వాల్వులూ మూసుకున్న చోట పుష్‌రాడ్‌ను వేళ్ళతో తిప్పి చూస్తారు. సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. చెట్టెక్కిన కోతిలా బండి మీదికి వంగాల్సిన పని లేదు, పక్కన పీట వేసుకుని కూర్చుంటే చాలు. రాకర్ కవర్లు ఇన్‌లెట్‌కు ఒకటి, ఎగ్జాస్టుకు ఒకటి, విడివిడిగా ఉంటాయి. ట్యాంకు తీశాక హెడ్డు, దాని తర్వాత సిలిండరు ఛాసిస్‌లోనే పైకి లేస్తాయి. కాబట్టి వాల్వు గ్రైండింగ్, పిస్టన్ రింగులు, హెడ్డు గాస్కెట్ ఇవన్నీ ఇంజిన్ దించకుండానే అవుతాయి. ఇంజిన్ ఆయిలుకు విడిగా ట్యాంకు లేదు, క్రాంక్‌కేసులోనే ఒక అర ఉంది. దించాల్సి వచ్చినప్పుడు విప్పాల్సిన ఆయిలు పైపులు ఆ మేరకు తగ్గాయి.

బులెట్ ఇంజిన్ దించక తప్పని పని క్రాంకుది. పాత 350లో కాన్‌రాడ్ పెద్ద చివర రోలర్ బేరింగు ఉండదు, తేలే బుష్ ఉంటుంది. అది అరిగి చప్పుడు మొదలైతే క్రాంక్‌కేసు రెండుగా విప్పాలి, అందుకు ఇంజిన్ బల్ల మీదికి రావాలి. ఇక్కడా ఛాసిస్ సహకరిస్తుంది. మెడ దగ్గర నుంచి ఒకే పైపు ముందుకు దిగి క్రాంక్‌కేసు ముందు ఆగిపోతుంది. వెనక వైపు పైపులు గేరుబాక్సు వెనకాల దిగుతాయి. ఇంజిన్ కింద పైపే లేదు. ముందు పైపు చివరికీ వెనక పైపులకూ మధ్య లంకె ఇంజినే. ప్లేట్ల బోల్టులు ఊడితే ఇంజిన్, గేరుబాక్సు కలిపి పక్కకు తీయవచ్చు, దేని మీదుగానూ ఎత్తక్కర్లేదు.

ఈ సౌకర్యానికి ఒక షరతు ఉంది. ఇంజిన్ లేని బులెట్ ఛాసిస్ కింద తెరుచుకున్న చట్రం. దాన్ని మామూలుగా సెంటర్ స్టాండు మీద వదిలేసి పైన ఎవరైనా కూర్చుంటే, లేదా ముందు చక్రాన్ని పట్టుకుని బండిని ఈడిస్తే, ముందు పైపు వంగవచ్చు. తర్వాత ఇంజిన్ ఎక్కించేటప్పుడు రంధ్రాలు కలవవు. సుత్తితో బోల్టును దిగ్గొట్టే దృశ్యం షెడ్డుల్లో కనిపిస్తే చాలాసార్లు దాని వెనక కథ ఇదే. వెనక స్టాండు దగ్గరా ముందు మెడ కిందా రెండు చోట్ల దిమ్మలు పెట్టి ఉంచడం పద్ధతి.

పంపుసెట్లకు వాడే చిన్న డీజిల్ ఇంజిన్లను బులెట్ ఛాసిస్‌లో పెట్టిన మెకానిక్కులు దేశంలో చాలా మంది ఉన్నారు. 1990లలో కంపెనీయే టారస్ పేరుతో 325 సీసీ డీజిల్ బులెట్ అమ్మింది. ఆ మార్పిడి వీలైందంటే కారణం ఈ తెరిచిన చట్రమే: ఛాసిస్ పైపులను ఎక్కువగా ముట్టుకోకుండా మధ్యనున్న ప్లేట్లను కొత్త ఇంజిన్‌కు తగ్గట్టు కోసుకుంటే సగం పని అయిపోయేది.

కంపెనీలు చేసిన తప్పులు, ఒప్పులు

పైపు అడ్డం రావడం గల్లీ షెడ్డులో పుట్టిన సమస్య కాదు. 1971 మోడల్ ట్రయంఫ్ 650 కోసం ఇంగ్లండులో కొత్త ఛాసిస్ గీశారు. నడుమ ఉన్న లావు గొట్టంలోనే ఇంజిన్ ఆయిలు నింపేలా చేసిన తెలివైన డిజైను అది. తీరా చూస్తే రాకర్ బాక్సులు బిగించి ఉన్న ఇంజిన్ ఆ ఛాసిస్‌లో పట్టలేదు. రాకర్ బాక్సులు విప్పి, ఇంజిన్ లోపల పెట్టి, తర్వాత వాటిని బిగించాల్సి వచ్చింది. ఛాసిస్ గీసినవాళ్ళూ ఇంజిన్ బిగించేవాళ్ళూ ముందే ఒక్కసారి ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉంటే తప్పిపోయే గొడవ.

1969లో వచ్చిన హోండా సీబీ 750 కథ వేరు. నాలుగు సిలిండర్లు, 736 సీసీ, హెడ్డు మీద క్యామ్ షాఫ్టు, చుట్టూ రెండు పైపుల జోలె లాంటి ఛాసిస్. హోండా ఇంజనీర్లు టాపెట్లు సర్దడానికి కవరు మీద గుండ్రటి చిన్న మూతలు ఇచ్చారు కాబట్టి రోజువారీ పనికి ఇబ్బంది లేదు. కానీ కవరు మొత్తాన్ని ఎత్తడానికి పై పైపుల కింద జాగా చాలదు. హెడ్డు గాస్కెట్ దగ్గర ఆయిలు కారడం మొదలైతే సుమారు 80 కిలోల ఇంజిన్‌ను పక్కకు దించాల్సిందే. ఈ బండిని ఏళ్ళ తరబడి ఉంచుకున్నవాళ్ళు పై పైపుల్లో అడ్డున్న భాగాన్ని కోసి, బోల్టు జాయింటుతో ఊడే ముక్కగా మార్చడం ప్రపంచమంతటా పేరున్న మార్పు. పని పెద్దదే అయినా అక్కడ దానికి కారణం ఉంది. అదే పనిని బులెట్‌కు చేయడం వృథా.

1979లో రెండు క్యామ్ షాఫ్టుల కొత్త నాలుగు సిలిండర్ల బళ్ళు తెచ్చినప్పుడు హోండాయే ఛాసిస్ కుడి వైపు కింది పైపును బోల్టులతో ఊడేలా చేసింది. ఊడే పైపు ముక్క అంటే తప్పనిసరిగా బలహీనత అనుకోనక్కర్లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. కాకపోతే కంపెనీ ఆ ముక్కను మొదటి గీత నుంచే లెక్కలోకి తీసుకుంది. పూర్తయిన ఛాసిస్‌ను తర్వాత కోయడం వేరు.

వీటన్నిటికంటే ముందు, 1946లో, విన్సెంట్ కంపెనీ రాపిడ్ సిరీస్ బీ బండితో సమస్యను తలకిందులు చేసింది. ఫిలిప్ విన్సెంట్, ఫిల్ ఇర్వింగ్ ఇద్దరూ కలిసి జోలె పైపులను పూర్తిగా తీసేశారు. 998 సీసీ ఇంజినే బండికి వెన్నెముక అయింది. దాని హెడ్డుల మీద పెట్టె ఆకారపు ఉక్కు దూలం ఒకటి బిగించి, దాన్నే ఆయిలు ట్యాంకుగా వాడారు. అడ్డు రావడానికి పైపులే లేవు. బులెట్ అదే దారిలో సగం దూరం వెళ్ళింది, విన్సెంట్ చివరిదాకా వెళ్ళింది.

పైపు మోసే బరువు

పైపు కోసే ముందు అది ఏం మోస్తోందో తెలియాలి. ముందు చక్రం, ఫోర్కు, హ్యాండిల్ కలిసి ఛాసిస్‌ను పట్టుకునేది ఒకే చోట: కోన్‌సెట్ బేరింగులు కూర్చునే మెడ గొట్టంలో. బండి 170 కిలోలు, మనిషి 70 కిలోలు అనుకుంటే ముందు చక్రం మీద రమారమి 108 కిలోలు పడతాయి. చక్రం గుంతలో పడి లేచిన క్షణంలో ఆ బరువు మూడింతలైందనుకుందాం, అంటే 324 కిలోలు. ఫోర్కు నిలువుగా ఉండదు, 27 డిగ్రీల వరకు వాలి ఉంటుంది. అందువల్ల ఆ తోపుడులో సుమారు 45 శాతం, 147 కిలోలు, ఫోర్కును అడ్డంగా ముందుకు నెడతాయి. చక్రం నేలను తాకే చోటుకూ మెడకూ మధ్య దూరం 75 సెం.మీ. ఉంటే, మెడలోని రెండు బేరింగుల మధ్య ఎడం 15 సెం.మీ. మాత్రమే. గడ్డపార సూత్రంతో ఐదింతలైన ఆ తోపుడు 735 కిలోలుగా పైపుల కొసలకు చేరుతుంది. ఇక్కడ అంకెలు బండిని బట్టి మారతాయి, ఐదింతలన్న పోలిక మాత్రం చాలా బళ్ళకు ఇంచుమించు వర్తిస్తుంది.

గుంతలో పడినప్పుడు మెడ పై భాగం వెనక్కి, కింది భాగం ముందుకు పోవాలని చూస్తాయి. ట్యాంకు కింది పైపు నొక్కుకుంటుంది, ముందు దిగే పైపు లాగుకుంటుంది. గట్టిగా బ్రేకు వేస్తే తోపుడు దిశ మారి, నొక్కుకున్నది లాగుకుంటుంది, లాగుకున్నది నొక్కుకుంటుంది. ఉక్కు ఒకే వైపు గట్టిగా లాగినా తట్టుకుంటుంది గానీ, రోజూ వందల సార్లు అటూ ఇటూ లాగితే చిన్న గీత దగ్గరే పగులు పుడుతుంది. పాత ఛాసిస్‌లలో పగుళ్ళు పైపు నడుమ కాకుండా వెల్డింగ్ అంచున, పైపు దూరే పోత లగ్గు అంచున కనిపించడానికి ఇదే కారణం.

ఈ బరువును మోయడంలో పైపు లావు ఎంత ముఖ్యమో, పైపులు కలిసే ఆకారం అంతకంటే ముఖ్యం. నులక మంచం నాలుగు పట్టెల చట్రం. కోళ్ళ దగ్గర కాస్త వదులైతే చాలు, మంచం మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది. మూలకు మూలకు ఒక కర్ర కొడితే, అంటే రెండు త్రిభుజాలు చేస్తే, కోళ్ళు వదులైనా ఒరగదు. త్రిభుజం ఆకారం మారాలంటే ఏదో ఒక భుజం పొడవే మారాలి. ఛాసిస్‌లో మెడకూ స్వింగార్మ్ ఇరుసుకూ మధ్య ఇలాంటి త్రిభుజాలు ఎక్కడున్నాయో చూసి, వాటి భుజాన్ని కోయకుండా ఉండటం ఈ పనిలో మొదటి నియమం. పైపు కోయక తప్పకపోతే, ఆ స్థానంలో వచ్చే ముక్క ఆ భుజం మోసే బరువు మొత్తాన్ని మోయాలి. ఖాళీని కప్పితే చాలదు.

కోయకముందు చూడాల్సినవి

చాలా సందర్భాల్లో పైపు కోయకుండానే పని జరుగుతుంది. మొదట కొలవాల్సింది హెడ్డు ఎంత ఎత్తు లేవాలి అన్నది. కవరు ఒక్కటే ఊడాలంటే కొన్ని మిల్లీమీటర్ల ఎడం చాలు. హెడ్డు ఊడాలంటే అది స్టడ్ల పొడవంతా పైకి లేచి బయటపడాలి. స్టడ్ల మీద రెండు నట్లు ఒకదానికొకటి బిగించి, కింది నట్టును పానాతో తిప్పితే స్టడ్డే ఊడి వస్తుంది. అడ్డున్నవి నాలుగైదు స్టడ్లే అయితే వాటిని ముందు తీసేసుకుని హెడ్డును పక్కకు జరిపి తీయవచ్చు. పైపు వంద ఏళ్ళైనా అలాగే ఉంటుంది.

తర్వాత ఇంజిన్‌ను పూర్తిగా దించకుండా కొంచెం కిందికి జార్చవచ్చేమో చూడాలి. వెనక బోల్టు ఒకటి వదులుగా ఉంచి, ముందు ప్లేట్లు విప్పి, కింద జాకీ పెట్టి దించితే కొన్ని బళ్ళలో చాలినంత ఎడం దొరుకుతుంది. హెడ్డును ఛాసిస్‌కు పట్టి ఉంచే బిగింపు పట్టీ చాలా బళ్ళలో విప్పడానికి చిరాకు పెట్టే భాగం. దాన్ని రెండు ముక్కలుగా చేసి, రంధ్రాలను కాస్త పొడవుగా సాగదీస్తే పని సగం తేలికవుతుంది. అయితే పట్టీని మానేయకూడదు. సింగిల్ సిలిండరు ఇంజిన్ అదురుడులో ఆ పట్టీ లేకపోతే కింది బోల్టు రంధ్రాలు ఇంకా తొందరగా అరుగుతాయి. వానాకాలంలో తుప్పు పట్టి ప్లేటులోనే ఇరుక్కుపోయే ఇంజిన్ బోల్టులకు కాస్త గ్రీజు రాసి పెట్టడం కూడా అందుబాటును పెంచే మార్పే, పైసా ఖర్చు లేనిది.

పైపు కోయడం, జాయింటు చేయడం

ఇవన్నీ చూశాక కూడా కోయక తప్పకపోతే పని రంపంతో మొదలు కాదు, కట్టుతో మొదలవుతుంది. మెడ గొట్టాన్నీ స్వింగార్మ్ ఇరుసునూ ఒక బరువైన ఉక్కు కట్టుకు బిగించాలి, కోసిన తర్వాత ఆ రెండూ ఒకదానికొకటి జరగకుండా. వెల్డింగ్ చేసినప్పుడు చల్లారే ఉక్కు పైపులను లాగి ఉంచుతుంది. ఆ లాగుడు ఏళ్ళ తరబడి పైపులోనే దాగి ఉంటుంది. హ్యాక్సా బ్లేడు పైపును చివరి దాకా కోసే సమయంలో ఒక్కసారిగా ఇరుక్కుపోతే పైపు నొక్కుడులో ఉందని అర్థం. కోత విడిపోయి ఎడం పెరిగితే లాగుడులో ఉందని అర్థం. కట్టు లేకుండా కోస్తే మెడ ఒక డిగ్రీలో చిన్న భాగం పక్కకు తిరిగినా చాలు, ముందు వెనక చక్రాలు ఒక గీత మీద నడవవు. హ్యాండిల్ వదిలితే బండి ఒక పక్కకు లాగుతుంది. దాన్ని తర్వాత సరిచేయడం మొదటి పని కంటే కష్టం.

కోత ఎక్కడ వేయాలన్నదానికి ఒక చిన్న సూత్రం: మెడ దగ్గరా వంపుల దగ్గరా వద్దు, వంపు బలం తక్కువగా ఉండే తిన్నటి భాగంలో వేయాలి. పాత వెల్డింగ్‌కు దగ్గరగా అసలే వద్దు.

జాయింటుకు రెండు పద్ధతులున్నాయి. మొదటిది అంచు పళ్ళేలది: పైపు రెండు కొసలకూ గుండ్రటి మందపాటి పళ్ళేలు వెల్డు చేసి, వాటిని ఎదురెదురుగా పెట్టి బోల్టులు బిగించడం. చేయడం తేలిక, చూడటానికి మొరటు. నొక్కుడు బాగానే మోస్తుంది గానీ, వంపు వస్తే ఒక పక్క బోల్టు మీదే బరువంతా పడుతుంది. రెండోది లోపలి స్లీవు: పైపు లోపల సరిగ్గా పట్టేలా లేత్ మిషన్ మీద తిప్పిన ఉక్కు కడ్డీని పెట్టి, రెండు కొసల్లోనూ అడ్డంగా బోల్టులు వేయడం. దీని బలం ఎంతో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బయటి వ్యాసం 28 మి.మీ., గోడ మందం 2 మి.మీ. ఉన్న పైపు లోపల 24 మి.మీ. కడ్డీ పడుతుంది. గట్టి కడ్డీ కాబట్టి వంపును ఆపడంలో అది బయటి పైపు కంటే 17 శాతం ఎక్కువ. అంటే కోసిన చోట కడ్డీ ఒక్కటే పాత పైపుకు సమానంగా నిలబడుతుంది. ప్రతి వైపూ కడ్డీ కనీసం పైపు వ్యాసానికి రెండింతల లోతు వెళ్ళాలి. వదులు ఒక మి.మీ.లో ఇరవయ్యో వంతు మించకూడదు.

స్లీవు బలానికి ఒక బలహీనత తోడు వస్తుంది. కడ్డీ ఉన్నంత మేర పైపు బిగుసుకుని ఉంటుంది, కడ్డీ ఆగిన చోట ఒక్కసారిగా మెత్తబడుతుంది. వంపు వచ్చిన ప్రతిసారీ ఆ గీత దగ్గరే పైపు మెలిక పడుతుంది, పగులు అక్కడే పుడుతుంది. అందుకని కడ్డీ చివరలను మొండిగా వదలకుండా లోపల గుల్ల చేసి, చేప నోరులా ఏటవాలుగా కోస్తారు. బిగువు క్రమంగా తగ్గుతుంది. నాసి పనికీ నాణ్యమైన పనికీ తేడా ఇక్కడ కనిపిస్తుంది, కాకపోతే పైపు లోపల ఉంటుంది కాబట్టి బండి కొనేవాడికి కనబడదు.

బోల్టు విషయంలో సాధారణంగా ఉండే అపోహ, అది మేకులా అడ్డుపడి పైపును ఆపుతుందని. నిజానికి మంచి జాయింటులో బోల్టు చేసే పని రెండు ముక్కలను బిగించి పట్టడం. ఆ బిగింపులో పుట్టే రాపిడే పైపును కదలకుండా ఆపుతుంది. 8.8 గ్రేడు 8 మి.మీ. బోల్టును సరిగ్గా బిగిస్తే సుమారు 1600 కిలోల బిగింపు ఇస్తుంది. ఉక్కు మీద ఉక్కు రాపిడి అందులో 15 శాతం అనుకుంటే ఒక ముఖానికి 240 కిలోలు. ఇంతకుముందు లెక్కించిన 735 కిలోలు మొత్తం ఒకే జాయింటు మీద పడ్డాయనుకున్నా, బోల్టుకు ఒక ముఖమే లెక్కేస్తే నాలుగు బోల్టులు దాన్ని మోస్తాయి, రెండు మోయలేవు. గ్రేడు అంకె తల మీద లేని బోల్టుకు ఈ లెక్క వర్తించదు. గుల్ల పైపుకు అడ్డంగా రంధ్రం వేసి బోల్టు బిగిస్తే పైపు నొక్కుకుపోతుందే తప్ప బిగింపు రాదు. లోపల గట్టి కడ్డీ ఉంటేనే ఈ బిగింపు సాధ్యం.

వెల్డింగ్‌లో పాత బళ్ళకు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉంది. ఇంగ్లండు పద్ధతిలో చేసిన చాలా పాత ఛాసిస్‌లలో పైపులను పోత లగ్గుల్లో దూర్చి ఇత్తడితో అతికేవారు. ఆ అతుకు మీద, లేదా దాని పక్కన ఇత్తడి పూత మిగిలి ఉన్న చోట ఆర్క్ వెల్డింగ్ చేస్తే, కరిగిన ఇత్తడి వేడి ఉక్కు రేణువుల మధ్యకు చొరబడి సన్నటి పగుళ్ళు తెస్తుంది. పైకి వెల్డింగ్ నున్నగా కనిపిస్తుంది. అలాంటి చోట గ్యాసుతో బ్రేజింగే చేయాలి, లేదా ఇత్తడిని పూర్తిగా అరగదీసి పైపును దూరంగా కోసుకోవాలి. హనుమాన్ జంక్షన్ నుంచి ఇలాంటి పనికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో విజయవాడ ఆటోనగర్ ఉంది. లేత్, గ్యాస్ వెల్డింగ్, ఆర్క్ వెల్డింగ్ అన్నీ పక్కపక్కనే దొరికే చోటు. అక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న కూలి ఎంత అని కాదు, కట్టు ఉందా అని.

వెల్డింగ్ చేసేటప్పుడు జాయింటు పూర్తిగా బిగించి ఉండాలి, కొసలు విడిగా పెట్టి వెల్డు చేస్తే చల్లారాక కలవవు. కొంచెం కొంచెంగా, ఎదురెదురు పక్కల మార్చి మార్చి వేస్తే వంకర తక్కువ. రంగు వేసేటప్పుడు జాయింటు ముఖాలకు టేపు అంటించడం మరచిపోతుంటారు. మందపాటి పౌడర్ కోటింగ్ రెండు ముఖాల మధ్య ఉంటే బిగింపు కింద అది నెమ్మదిగా నలిగి పలచబడుతుంది, బోల్టు తనంతట తానే వదులవుతుంది.

చట్టం వైపు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఈ సెక్షన్‌ను కచ్చితంగానే చదివింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ అన్న నిబంధన చేర్చారు. ఛాసిస్ నంబరు ఉన్న భాగం జోలికి పోవడం మరీ ప్రమాదం: ఆ నంబరు చెరిగితే బండి ఎవరిదో రుజువు చేయడమే కష్టమవుతుంది.

యాభై ఏళ్ళు దాటిన బళ్ళకు 2021లో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చింది. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. రుసుము ఇరవై వేల రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది, ఆ తర్వాత కొనసాగించడానికి ఐదు వేలు. బండి మొదటి రూపంలోనే ఉండాలన్నది షరతు. ఛాసిస్‌లోనో, బాడీలోనో, ఇంజిన్‌లోనో మార్పు చేస్తే ఆ అర్హత పోతుంది. 1960ల బులెట్‌ను వింటేజ్‌గా చూపించాలనుకునే యజమానికి పై పైపు కోయడం రెండు రకాల నష్టం. ఒరిజినల్ బండి విలువ పోతుంది, రిజిస్ట్రేషన్ దారీ మూసుకుపోతుంది. స్టడ్లు తీయడం, హెడ్డు పట్టీ మార్చడం, బోల్టులకు గ్రీజు రాయడం లాంటివి పైపును తాకవు కాబట్టి ఈ పేచీలోకి రావు.

మార్చాక చూసుకోవాల్సినవి

ఊడే ముక్క ఉన్న ఛాసిస్‌ను మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో రెండు మూడు సార్లు తడిమి చూడాలి. బోల్టు తల మీదుగా పైపు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీస్తే బోల్టు తిరిగిందో లేదో కంటితోనే తెలుస్తుంది. స్లీవు చివరలు ఉన్న చోటు బయటి నుంచి కనబడదు, అందుకే రంగు వేసే ముందే అక్కడ పైపు మీద చిన్న గుర్తు పెట్టుకోవాలి. పగుళ్ళు వెతకాల్సింది ఆ గుర్తుల దగ్గర. అనుమానం ఉంటే పైపు తుడిచి పగులు కనిపెట్టే రంగు ద్రావణం పూయాలి, అది సన్నటి గీతలోకి ఇంకి ఎర్రగా బయటపడుతుంది.

ముక్క విప్పి బిగించిన ప్రతిసారీ పాత నట్లను పక్కన పెట్టి కొత్త లాక్‌నట్లు వేయాలి. బిగింపును టార్క్ రెంచితో కొలిచి ఇవ్వాలి, చేతి అంచనా చాలదు. జాయింటు అంచున ఎర్రటి సన్నటి పొడి కనిపిస్తే రెండు ముఖాలూ కంటికి కనిపించనంతగా ఒకదాని మీద ఒకటి కదులుతున్నాయని అర్థం. అప్పుడు బోల్టును ఇంకో చుట్టు బిగించి ఊరుకుంటే సరిపోదు. జాయింటు విప్పి, అరిగిన స్లీవు తీసి, కొత్తది తిప్పించి వేయాలి.